తేనెపెట్టెకు దిష్టి

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో బంగారురాజు కిరాణా కొట్టు ఎక్కడంటే ఎవరైనా చెబుతారు. ఆయన భార్య కన్యకాపరమేశ్వరిని మాత్రం ఈమధ్య కొట్టు పేరు చెప్పి ఎవరూ గుర్తుపట్టడం లేదు. ‘ఈగలమ్మ’ అంటున్నారు. ఆ మాట చెవినపడినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోతుంది. తేనెటీగలమ్మ అన్నా కొంత నయం. ఈగలమ్మ అంటే కొట్లో బెల్లం దిమ్మల మీద ముసిరేవే గుర్తొస్తాయి ఎవరికైనా.

ఈ పని ఆమె కోరి నెత్తికెత్తుకున్నది కాదు. తమ్ముడు ఆనంద్‌కుమార్ చేసేవాడు. షావుకార్ల ఇంట్లో పుట్టినవాడు తూకం రాళ్లు పట్టుకోకుండా జీడితోటల్లో చెక్కపెట్టెలు పెట్టుకుని తేనెటీగల్ని పెంచడమేమిటని చుట్టాలందరూ నవ్వారు. వాడు అంతటితో ఆగలేదు. ఒక పెట్టెను ఆటోలో వేసుకుని బళ్లకు పట్టుకెళ్లి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, చట్రాలు పైకి తీసి చూపించేవాడు. పెళ్లి మాట ఎత్తితే, “పోతుటీగ పెళ్లయిన రోజునే చచ్చిపోతుంది అప్పా, నేను ఇంకొన్నాళ్లుంటాను” అని అక్కతో నవ్వేవాడు.

ఉండలేదు. కిందటేడు వానల్లో హైవే మీద బండి జారి పోయాడు.

వాడి ఫోను అక్క దగ్గరికి వచ్చింది. ఆపేయమన్నాడు బంగారురాజు. ఆమె ఊఁ అంది గాని ఆపలేదు, రోజూ పప్పుడబ్బా పక్కన చార్జింగు పెడుతూనే ఉంది. దసరా సెలవులైపోయి బళ్లు తెరవగానే అది మోగడం మొదలుపెట్టింది.

“ఆనంద్ మాస్టారా అండీ?”

“లేరండీ.”

“ఎప్పుడొస్తారండీ?”

పోయాడు అనే మాట కన్యకాపరమేశ్వరి అనలేకపోయింది. “నేనొస్తాను లెండి” అనేసింది. అలా అనేసినందుకు ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటూ ఉంటుంది.

ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి బడికి వెళ్లి పాఠం చెప్పడమంటే మాటలా! కాని తమ్ముడి వెంట రెండు మూడుసార్లు వెళ్లింది, వాడు చేసింది చూసింది. అదే చేస్తుంది. గాజు పలకల మధ్య ఒక చట్రం పెట్టి పిల్లలకు చూపిస్తుంది. రాణి ఈగ ఎక్కడుందో వెతకమంటుంది. పోతుటీగకు కొండి ఉండదు కనుక దాన్ని పిల్లల అరచేతిలో వేసి నడిపిస్తుంది. పెట్టె గోడకు చెంప ఆనించి వేడి చూడమంటుంది. పూలెక్కడున్నాయో చెప్పడానికి కూలీ ఈగ ఎలా తిరుగుతుందో, పిల్లల్ని వరుసలో నిలబెట్టి అలాగే నడుములు ఊపుతూ తిప్పిస్తుంది. అప్పుడు మాత్రం పిల్లలు బాగా నవ్వుతారు. మిగతా అంతా చిరాకే.

ఏ బడికి వెళ్లినా పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. “మేడమ్, కుడితే సచ్చిపోతామా?” కాదని చెబుతుంది. పక్కవాడు లేచి, “మేడమ్, రెండు కుడితే?” అంటాడు. టీచర్లు అడిగేది ఇంకొకటి. పొద్దున్నే వేడినీళ్లలో తేనె తాగితే ఒళ్లు తగ్గుతుందా అని. ఇంత కష్టపడి పెట్టె మోసుకొచ్చింది మీ ఒళ్లు తగ్గించడానికా అని నోటిదాకా వస్తుంది. మింగేస్తుంది. వెళ్లిన చోటల్లా ముందే చెబుతుంది: సెంటు పూసుకుని రాకండి, అగరొత్తులు వెలిగించకండి, పెట్టె దగ్గర కొబ్బరికాయ కొట్టకండి. అందరూ తల ఊపుతారు. ఊపి, ఎవరో ఒకరు పన్నీరు బుడ్డితో ఎదురొస్తారు.

ఆనంద్ పోయేనాటికి నాలుగు పెట్టెలుండేవి. రెండింటికి చీమలు పట్టి, చూసే దిక్కులేక ఈగలు ఎగిరిపోయాయి. మూడోదాన్ని ఆమే చంపుకుంది. భావనపాడు బడికి తీసుకెళ్తుంటే దారిలో ఆటో టైరు పోయింది, బయటికి రాకుండా ద్వారానికి జాలీ బిగించి ఉంది, ఎండలో ఉండిపోయింది. బడికి చేరి మూత తీసేసరికి మైనం కరిగి, ఈగలన్నీ అడుగున తడిసిన బియ్యంలా పడి ఉన్నాయి. కన్యకాపరమేశ్వరి ఆ రోజు పిల్లల ముందే ఏడ్చింది.

ఇక మిగిలింది ఒక్కటి. కవిటి వైపు ఒక పుట్టలోంచి ఆనంద్ స్వయంగా తన చేతులతో తీసి పెట్టెలోకి ఎక్కించిన ఈగలవి.

“పోతే పోయిందే, ఇంకో పెట్టె తెప్పిస్తాను” అంటాడు బంగారురాజు. మంచివాడే. కాని ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆమెకు ఏ గరిటో విసిరేయాలనిపిస్తుంది.

“తెప్పించినవి వాడివి కావు కదండీ.”

“అలాగైతే ఇంట్లోనే ఉంచుకో. బళ్ల చుట్టూ తిప్పడం ఎందుకు?”

“ఇంట్లో పెట్టుకుంటే అది వాడి పని ఎలా అవుతాది?”

అంతటితో ఎవరి పనిలో వాళ్లు పడతారు.

ఇలా ఉండగా మొన్న ఫాల్గుణంలో కళింగపట్నం దగ్గర ఒక బడి నుంచి కబురొచ్చింది. హెడ్మాస్టరు గణపతిరావు ఫోను చేశాడు. ఆనంద్ మాస్టారు పోయిన సంగతి ఆయనకు తెలుసు. రెండేళ్ల కిందట ఆ బడికి ఆనంద్ వెళ్లాడు, పిల్లలు ఇంకా చెప్పుకుంటూ ఉంటారట. తెల్లవారుతూనే గంగులు ఆటోలో పెట్టె ఎక్కించి, తడిపిన గోనెపట్టా కప్పి బయల్దేరింది.

“షావుకారమ్మా, ఇయ్యి బయటికొచ్చీసి నన్ను కుట్టీవు కదా?” అన్నాడు గంగులు. ప్రతిసారీ అంటాడు.

“నువ్వు గోతుల్లో దూకించకపోతే కుట్టవురా నాయనా. నెమ్మదిగా పోనీ.”

“గోతులు నాను తవ్వినానేటి?”

బడికి చేరేసరికి వేదిక కట్టి ఉంది, మైకు సెట్టు ఉంది, పెట్టె పెట్టడానికి బల్ల సరిగ్గా ఆ డబ్బా స్పీకరు కిందే వేశారు. తీసేయమంది. తీశారు. ముఖ్య అతిథి వస్తున్నారు, ఒక్క పది నిమిషాలు అన్నారు. ఆ పది నిమిషాలు ఎండ చింతగుబుర్లు దాటి బల్ల మీదికి వచ్చేదాకా సాగాయి. చివరికి అతిథి రానేలేదు. కన్యకాపరమేశ్వరి పళ్లు బిగపట్టి చట్రం బయటికి తీసింది.

పిల్లలు మాత్రం ఎగబడి చూశారు. పోతుటీగ అరచేతిలో పాకుతుంటే ఒక పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, “నడుస్తన్నాది, నడుస్తన్నాది!” అని అరిచింది. రెండు కుడితే ఏమవుతుందని అడిగేవాడు ఇక్కడా ఉన్నాడు. గణపతిరావు ఫోను పట్టుకుని చుట్టూ తిరుగుతూ, “అమ్మా, ఇటు చూడండి. అమ్మా, కాస్త నవ్వండి” అంటున్నాడు. చేతిలో వెయ్యి ఈగలున్న చట్రం పట్టుకున్న మనిషిని నవ్వమంటాడేమిటి ఈయన!

పాఠమయ్యాక చట్రాన్ని తిరిగి పెట్టెలో దించి, మూత వేసి, ద్వారానికి జాలీ బిగించింది. వంట అయిపోయి పొయ్యి ఆరింది కనుక, బడి వెనక వంటపాక నీడలో చల్లగా ఉందని గంగులు చేత అక్కడ పెట్టించింది. పిల్లల్ని వరుసల్లో నిలబెట్టి ఈగల నడక నడిపించడానికి ముందుకు వచ్చింది. నడుములు ఊపమంది. నవ్వులు మొదలయ్యాయి.

ఒక పిల్లవాడు తుమ్మాడు. పక్కనున్నది దగ్గింది. వరసంతా దగ్గు అందుకుంది. కన్యకాపరమేశ్వరి ముక్కుకు కూడా కొట్టింది. మిరపకాయల ఘాటు. వంటపాక వైపు నుంచి.

పరుగెత్తింది.

పాకలో పొయ్యిలో మిరపకాయలూ ఉప్పూ చిటపటలాడుతున్నాయి. నల్లటి పొగ నేరుగా పెట్టె మీదికి పోతోంది. బడిలో వంట చేసే దేముడమ్మ, పొడుగాటి ముసలామె, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ నిలబడి ఉంది. పెట్టెలోంచి హోరు. మామూలు హోరు కాదు, గాలివానలో తాటితోపు హోరు.

“ఏం చేశావే తల్లీ!”

“ఏటమ్మా అలగరుస్తావు? దిష్టి తీసినాను. ఇంతమంది కళ్లప్పగించి సూసినారు. నోరు నేని జీవాలు, ఆటికి తగల్దేటి?”

“పొగ పడదని పొద్దున్నుంచీ మైకులో చెప్తన్నాను కదా!”

“పిల్లలకి సెప్పినావు. నాకు సెప్పినావేటి? నాను పాకలో ఉన్నాను కదా!”

“ఇంతమందికి దగ్గొచ్చిందంటే దిష్టి లేదనే కదా అర్థం! ఊరికే తగలెట్టావు కదా!”

“లేదనే తేలినాది. మంచిదే కదా. సూసుకోవాలి కదేటి మరి!”

ఈ మనిషితో వాదించే సమయం లేదు. గంగులూ తనూ పెట్టెను చెరో పక్క పట్టుకుని పొగలోంచి బయటికి లాక్కొచ్చారు. కాని పొగ లోపలికి చేరిపోయింది. ఈగలు జాలీ మీద ఒకదానిమీద ఒకటి పడి దాన్ని పూర్తిగా మూసేశాయి. ఇక గాలి కూడా దూరదు. పెట్టె గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. పెనంలా ఉంది. భావనపాడు గుర్తొచ్చింది.

మూసి ఉంచితే లోపలే ఉడికి చస్తాయి. తెరిస్తే ఎగిరిపోతాయి. ఒకసారి పొగ తగిలి విసిగిన ఈగలు వాటంతట అవి మళ్లీ ఆ పెట్టెలోకి రావని ఆనంద్ చెప్పేవాడు.

ఎవరినైనా అడగాలనిపించింది. అడగవలసినవాడు లేడు. “ఒరే గంగులూ, పిల్లల్ని గదుల్లోకి తోలు” అని అరిచి, జాలీ పీకేసింది.

చీల ఊడిన కొళాయిలా వచ్చాయి. బయటికొచ్చి, ఆకాశంలో మబ్బులా తిరిగి, బడి ఆవరణలోని బాదంచెట్టు కొమ్మ మీద ముద్దగా వాలడం మొదలుపెట్టాయి. చూస్తుండగానే కొమ్మకు గుమ్మడికాయ వేలాడినట్టయింది. రాణి అందులోనే ఉంది. కాసేపు అక్కడ ఆగుతాయి. మంచి చోటు దొరకగానే లేచిపోతాయి. ఆ కాసేపు ఎంతసేపో చెప్పేవాడు ఎవడూ లేడు.

పిల్లలు గదుల్లోకి వెళ్లి కిటికీల్లోంచి అరుస్తున్నారు. “మేడమ్, అది పట్టా? మేడమ్, తేనె వస్తాదా?” గణపతిరావు వరండాలోంచి, “అమ్మా, కదలకండి, మంచి ఫ్రేములో ఉన్నారు!” అన్నాడు.

“నాకొక బుట్ట కావాలి!” అంది కన్యకాపరమేశ్వరి.

ఎవరూ కదల్లేదు. దేముడమ్మ ఒక్కతే పాకలోకి పోయి ఉల్లిపాయల బుట్ట బోర్లించి, దులిపి తెచ్చింది. కన్యకాపరమేశ్వరి చట్రంలోంచి కాస్త తేనె తీసి బుట్ట లోపల రాసింది. ఈగలు చీకటి వైపు, పై వైపు పాకుతాయి. ముద్ద మీద బుట్టను బోర్లించి పట్టుకుంటే వాటంతట అవే ఎక్కుతాయి. కాని కొమ్మ అందదు. అన్నం వండే పెద్ద గుండిగ బోర్లించి ఎక్కినా, ఆమె చెయ్యి జానెడు కిందే ఆగిపోయింది.

“దిగమ్మా, దిగు” అంది దేముడమ్మ. “నాను పొడుగు మనిషిని.”

“నీ నోటికి చుట్ట వాసన.”

“ఊపిరి ఆపీమంటావేటి?”

“నోరు అటు తిప్పి పట్టుకో. మాట్లాడకు. కుట్టినా బుట్ట కదపకు.”

“నా మొగుడు తాగొచ్చి ఎన్ని కొట్టినా కదల్నేదు నాను. ఈగలొక లెక్కేటి?”

“మాట్లాడకన్నాను!”

దేముడమ్మ గుండిగ మీద నిలబడి రెండు చేతులతో బుట్ట ఎత్తి పట్టుకుంది. మొహం అటు తిప్పింది. కన్యకాపరమేశ్వరి కింద నుంచి చెంబుతో నీళ్లు చల్లుతూ ఉంది, వాన అనుకుని ఈగలు నెమ్మదిస్తాయని. మొదట నాలుగైదు ఎక్కాయి. తర్వాత ఒక పాయ. ముసలామె మోచేతి దగ్గర ఒకటి కుట్టింది. ఆమె ‘హబ్బ’ అని ఆగిపోయింది. ఇంకొకటి కుట్టింది. “మేడమ్, రెండు కుట్టినాయి! దేముడమ్మ సచ్చిపోతాదా?” అని కిటికీలోంచి గొంతు. ముసలామె నవ్వు ఆపుకోలేక భుజాలు కదిపింది. బుట్ట ఊగింది.

“నవ్వకే! నీకు దణ్ణం పెడతాను, నవ్వకు!”

చేతులు లాగేస్తున్నాయని దేముడమ్మ అంది. ఇంకొంచెం అంది కన్యకాపరమేశ్వరి. ఇంకా ఎంత అంది ముసలామె. ఇంకొంచెం అంది. ఈ మాటే ఎన్నిసార్లు తిరిగిందో. చివరికి ముద్ద కరిగి కరిగి, కొమ్మ కొమ్మలా కనబడింది. బుట్ట బరువెక్కింది. గంగులు భయపడుతూనే గుండిగ పట్టుకుంటే, ముసలామె మెల్లగా దిగింది.

పెట్టె గాలికి ఆరబెట్టి, మైనం చట్రాల మధ్యకు బుట్టను దులిపి, మూత వేసి, ద్వారానికి రాణి దూరలేని సన్నని రేకు బిగించింది. ఇక రాణికి బయటికి దారి లేదు. బయట తిరిగేవి రాణి వాసన పట్టుకుని పొద్దుగూకేలోగా లోపలికి చేరతాయి. అంటే అప్పటిదాకా పెట్టె ఇక్కడినుంచి కదపకూడదు. అంటే తనూ కదలకూడదు. ఈ బడిలో, ఈ మనుషుల మధ్య, ఇంకా సాయంత్రం దాకా!

గణపతిరావు ఫోను చూసుకుంటూ వచ్చాడు. “అమ్మా, బుట్ట ఫోటో సరిగ్గా పడలేదు. మళ్లీ ఒకసారి చెట్టు మీదికి...”

కన్యకాపరమేశ్వరి ఆయన వైపు చూసింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని గంట కొట్టించడానికి వెళ్లిపోయాడు.

పిల్లలు ఇళ్లకు పోయారు. బడి ఖాళీ అయింది. దేముడమ్మ ఒక పళ్లెంలో అన్నం, సాంబారు, ఉడికించిన గుడ్డు తెచ్చి పెట్టింది.

“మాకు గుడ్డు లేదు” అంది కన్యకాపరమేశ్వరి విసుగ్గా.

“అవును, షావుకార్లు కదా, మర్సిపోనాను.” గుడ్డు తీసి తన కొంగులో వేసుకుంది. సున్నం రాసిన మోచెయ్యి వాచి ఉంది. పక్కనే కూర్చుంది. “కోపం పోనేదా?”

“ఎలా పోతాది? ఇది ఒక్కటే మిగిలింది నాకు. తెలుసా నీకు? నా తమ్ముడిది.”

“తెలుసు. పొద్దున్న హెచ్చెమ్ బాబు సెప్పినారు. అందుకే కదా తీసినాను.”

“అందుకేనా!”

“ఆ బాబు వొచ్చిననాడు నానిక్కడే ఉన్నాను. పోతుటీగల్ని సేతి మీదేసుకుని నవ్వుతా నిలబడినాడు. ఊరు ఊరంతా గోడెక్కి సూసినారు. ఎంత సక్కగున్నాడో! దిష్టి తీద్దామనుకున్నాను. గిన్నెలు తోమొచ్చేతలికి ఆటో ఎల్లిపోయినాది. మరి పోయినాడని ఇన్నాము.” వాచిన మోచెయ్యి రుద్దుకుంది. “ఇయ్యాల ఆ పెట్టే వొచ్చినాది. మరి ఊరుకుంటానేటి? నువ్వే సెప్పు.”

వాన పడి రోడ్డు తడిసింది కనుక బండి జారింది, దిష్టికీ దానికీ ఏం సంబంధమని కన్యకాపరమేశ్వరి అరుద్దామనుకుంది. ఈ ముసలామె మిరపకాయలు కాల్చి తమ్ముడి ఈగల్ని చంపబోయింది, అదీ తమ్ముడి కోసం! ఇంత మంచితనాన్ని ఏమని తిట్టాలో తెలియక అన్నం కలుపుకుంది. సాంబారులో ఉప్పు ఎక్కువైంది. అయినా తింది.

“నవ్వుతూనే ఉండీవాడు” అంది చివరికి, పళ్లెంలోకి చూస్తూ.

“అదే సెప్తన్నాను కదా.”

పొద్దుగూకింది. ఆఖరి ఈగలు రెండు మూడు పెట్టె గుమ్మం చుట్టూ తిరిగి లోపలికి దూరాయి. కన్యకాపరమేశ్వరి పెట్టెకు చెవి ఆనించి విన్నది. మెత్తగా, ఒకే తీరుగా ఉంది మోత. బతికాయి. జాలీ బిగించి, గంగులు చేత ఆటోలోకి ఎక్కించింది.

“షావుకారమ్మా, సీకటి పడిపోతన్నాది!” అన్నాడు గంగులు.

“ఒక్క నిమిషం కూకో తల్లీ” అంది దేముడమ్మ. “పొద్దున్నుంచీ నిన్ను కూడా సూసినారు కదా.”

“వద్దు.”

“ఆవేళ ఆ బాబూ ఆగనేదు.”

ఆమె ఆగింది. విసుగంతా గంగులు మీద చూపించింది. “ఒరే, ఆటో తీసి గేటు దాటించు. అదిగో, ఆ మలుపు దగ్గర పెట్టు. నేను పిలిచేదాకా రాకు.” గాలి ఎటు పోతోందో చూసుకుంది. సముద్రం మీంచి వచ్చి సరుగుడు తోట మీదికి పోతోంది, మలుపు వైపు కాదు. అప్పుడు వెళ్లి పాక మెట్టు మీద కూర్చుంది. “ఇప్పుడు తగలెట్టు.”

దేముడమ్మ గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని ఏదో గొణుగుతూ తల చుట్టూ తిప్పి, పొయ్యిలో వేసింది. చిటపటలు వినబడ్డాయి. దగ్గు రాలేదు. తుమ్మూ రాలేదు.

“సూసినావా!” అంది దేముడమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని. “సుక్క ఘాటు నేదు. ఎంత దిష్టి ఉన్నాదో సూడు తల్లీ నీకు!”

పొగంతా గాలికి తోటలోకి పోతోంది, ఘాటు ఎక్కడినుంచి వస్తుందని చెప్పడానికి కన్యకాపరమేశ్వరి నోరు తెరిచింది. చెబితే ఇంకో గంట వాదన. మూసుకుంది.

“ఉండు, ఇంకోపాలి తీస్తాను” అని ముసలామె మిరపకాయల డబ్బా కోసం లోపలికి పోయింది. మలుపు దగ్గర గంగులు హారను కొడుతున్నాడు. కన్యకాపరమేశ్వరి లేవబోయి, అబ్బా అని విసుక్కుని, మళ్లీ ఆ మెట్టు మీదే కూర్చుంది.